అత్తగారి అద్దె రసీదులు

నేరేడ్‌మెట్‌లోని మా సుమేధ అపార్ట్‌మెంట్‌లో సొంత ఇల్లున్న ఉద్యోగి ఒక్కరూ లేరని ప్రభుత్వ రికార్డులు చెబుతున్నాయి. అందరూ అద్దెకున్నవాళ్లే. ఇళ్లన్నీ వాళ్ల తల్లులవి, అత్తగార్లవి. కొడుకులూ కోడళ్లూ ఒకటో తారీఖున వినయంగా అద్దె చెల్లించి, రెవెన్యూ స్టాంపు అంటించిన రసీదు పుచ్చుకుని, ఆ తర్వాతే కాఫీ తాగుతారు. పెద్దవాళ్లకు ఇంత గౌరవం దక్కుతున్న భవనం జంటనగరాల్లో మరొకటి ఉండదు. ఆ గౌరవం సంగతి పెద్దవాళ్లకు తెలియదు, అంతే.

ఈ సంస్కరణ తెచ్చిన మహానుభావుడు టాక్స్ కన్సల్టెంట్ వరహాలబాబు గారు. ఏటా ఎండలు తగ్గే వేళకు వచ్చి, కింద అసోసియేషన్ గదిలో లాప్‌టాప్ తెరిచేవారు. వచ్చిన రీఫండులో పదోవంతు ఆయన ఫీజు. "పన్ను కట్టడానికేటండీ, ఎవరైనా కడతారు. కట్టింది ఎనక్కి తెచ్చుకోడానికే చదువుండాలి" అని ఆయన చేసిన ప్రసంగానికి అసోసియేషన్ వారు చప్పట్లు కొట్టి శాలువా కూడా కప్పారు.

వాళ్లలో ఝాన్సీలక్ష్మి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. ఆవిడ ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతికి సాంఘిక శాస్త్రం చెబుతుంది. పన్నుల పాఠం ఆవిడలా ఇంకెవరూ చెప్పలేరని పేరు. "తెల్లారగానే తిరుమలగిరిలో జవాన్లు పరుగులు పెడతారే, వాళ్ల కాలి బూట్లలో మీ అమ్మానాన్నల పన్ను ఉంది" అనేసరికి వెనక బెంచీలు కూడా నిటారుగా కూర్చునేవి. అలాంటి పాఠం చెప్పిన సాయంత్రమే ఆవిడ మొదటిసారి వరహాలబాబు గారి ముందు కూర్చుంది.

"ఫ్లాట్ ఎవరి పేరు మీదుందండీ?"

"మా అత్తగారి పేరు మీద."

"మరింకేటండీ. లక్ష్మీదేవిని ఇంట్లో కూర్చోబెట్టుకుని ఈదంతా ఎతుకుతున్నారు."

అద్దె కట్టే ఉద్యోగులకు పన్నులో మినహాయింపు ఉంది కాబట్టి, కాగితం మీద నెలకు పద్దెనిమిది వేల అద్దె ఖాయమైంది. రసీదుల మీద అత్తగారి సంతకాలు కావాలి. అత్తగారు వీరరాఘవమ్మ గారిది తెనాలి. కళ్లజోడు లేకుండా దినపత్రిక చదవగలరు గానీ, కోడలు పెట్టమన్నచోట చదవకుండానే సంతకం పెడతారు. అది నమ్మకం. "గ్యాస్ వాళ్ల కాగితాలు అత్తయ్యా" అంది ఝాన్సీలక్ష్మి. గొంతు కొంచెం కూడా తడబడలేదు. పిల్లలకు ఇరవై ఏళ్లుగా పాఠం చెప్పిన గొంతు అది.

అలా మూడేళ్లు గడిచాయి. రీఫండులు వచ్చాయి. వాటితో ఆవిడ జనరల్ బజార్‌లో రెండు బంగారు గాజులు చేయించుకుంది. బోర్డు మీద రాస్తుంటే అవి గలగలమనేవి. పౌరుడి విధుల పాఠానికి అంతకుముందు లేని నిండుదనం వచ్చిందని ఆవిడకే అనిపించింది.

తర్వాత ఆదాయపు పన్ను శాఖ నుంచి సందేశం వచ్చింది. మీరు చూపిన మినహాయింపులు దయచేసి మరోసారి చూసుకోండి, పొరపాటుంటే దిద్దుకోండి అని. అంత మర్యాద చూసి ఝాన్సీలక్ష్మి సందేశాన్ని మళ్లీ మొదటి నుంచి చదివింది. పిల్లల్ని ప్రిన్సిపాల్ దగ్గరికి పంపేముందు తనూ అచ్చం ఇలాగే మాట్లాడుతుంది.

వరహాలబాబు గారి ఫోను అందుబాటులో లేదు. తర్వాత కూడా లేదు. అప్పుడు గానీ ఆవిడ తన రిటర్ను తను చదవలేదు. చదివితే చాలా సంగతులు తెలిశాయి. పేరు కూడా వినని ఒక రాజకీయ పార్టీకి తను భూరి విరాళం ఇచ్చింది. రైల్వేలో రిటైరై, రోజూ పొద్దున్నే సైనిక్‌పురి దాకా నడిచి వచ్చే భర్త రామభద్రరావుకు నలభై శాతం వైకల్యం ఉంది.

"నలభై శాతమా?" అన్నాడాయన, పేపరు పక్కన పెట్టి.

కూరలు తరుగుతున్న ఝాన్సీలక్ష్మి, ఇంటి పనుల వరకు చూస్తే వరహాలబాబు గారు తక్కువే రాశారని మనసులో అనుకుంది. పైకి మాత్రం, ఇలాంటి చిక్కులకు నిపుణుల సాయం తీసుకోవడమే విజ్ఞత అంది.

తిరుమలగిరిలో తుకారాం గారనే నిపుణుడున్నారు. పన్ను సమస్యలకు శాశ్వత పరిష్కారం అని బోర్డు. ఫీజు ముందే తీసుకుని, ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

"టెన్షన్ తీస్కోకుండ్రి మేడం. గిట్లాంటివి రోజు వస్తయ్. అద్దె క్యాష్‌ల ఇచ్చినమని రాద్దాం. పెద్దమ్మకు ఫోన్ వస్తే ముట్టిందని చెప్పాలె, గంతే. జెర ప్రాక్టీస్ చేపియ్యిండ్రి."

ప్రాక్టీసు మొదలుపెట్టక ముందే వీరరాఘవమ్మ గారికి స్పీడ్‌పోస్టులో ఉత్తరం వచ్చింది. అద్దె ఆదాయం అందుకుని కూడా లెక్కల్లో చూపలేదేమని అందులో అడిగారు. ప్రభుత్వం తనకు రాసిన మొదటి ఉత్తరం కాబట్టి ఆవిడ ముందు చాలా సంతోషించారు. ఇంగ్లీషులో ఉంది కాబట్టి కొడుకు చేత రెండుసార్లు చదివించుకుని, అన్నాల దగ్గర కోడల్ని అడిగారు.

"ఏవిటే ఇది?"

"ఏం లేదత్తయ్యా. ఎవరైనా ఫోన్ చేసి అద్దె ముట్టిందా అనడిగితే, ముట్టిందనండి."

"ముట్టిందా?"

"ముట్టలేదనుకోండి."

"మరి ముట్టిందని ఎట్టా అంటానే?"

"ఊరికే, మాటవరసకి."

"గవర్నమెంటుతో మాటవరసేవిటి? మూడేళ్లు నా ఇంట్లో అద్దెకున్నారన్నమాట. నాకు ముందే చెబితే ఆ బాత్రూం పంపు బాగుచేయించేదాన్నిగా, ఇంటిగలదాన్నయి ఉండి."

"అదంతా కాగితాల మీదేనమ్మా" అన్నాడు రామభద్రరావు.

"నేను సంతకం పెట్టిందీ కాగితం మీదేరా. గ్యాస్ వాళ్లకి ఇన్ని స్టాంపులెందుకా అనుకున్నాను." ఆవిడ కోడలి వైపు చూడలేదు. పెరుగు కలుపుకుంటూ చెప్పారు. "నేను అబద్ధం ఆడనే. ఆ అద్దె ఇచ్చెయ్యండి. ముట్టిందని ఎవరడిగినా చెబుతాను. మైకు పెట్టి చెప్పమన్నా చెబుతాను."

చట్టంలో ఇలాంటి చిక్కు ఉందని తుకారాం గారికి తెలియదు. "ముసలామె నిజం చెప్తనంటే నేనేం జెయ్యాలె మేడం? ఇంట్ల తక్లీఫ్ ఇంట్లనే సెట్ చేసుకోని రాండ్రి" అన్నారు. ఫీజు మాత్రం శాశ్వతంగా ఆయన దగ్గరే ఉండిపోయింది.

స్కూల్లో ఒకావిడ బేగంపేటలోని చార్టర్డ్ అకౌంటెంట్ ప్రేమమణి గారి పేరు చెప్పింది. చెబుతూనే, ఆవిడ అంత తెలివైంది కాదు, నిజాలే రాస్తుందట అని హెచ్చరించింది కూడా. ఝాన్సీలక్ష్మికి ఇంకో దారి లేదు. వెళ్లింది.

ప్రేమమణి గారు కాగితాలన్నీ చూశారు.

"విరాళం ఇచ్చారా?"

"లేదండి."

"అద్దె ఇచ్చారా?"

"లేదండి."

"మీవారి వైకల్యానికి సర్టిఫికెట్ ఉందా?"

"లేదండి."

"అయితే ఆయన ఆరోగ్యంగా ఉన్నట్టే. తప్పు క్లెయిములన్నీ తీసేసి మళ్లీ రిటర్నులు వేద్దాం. పన్ను, వడ్డీ, దానిపైన అదనపు పన్ను, అన్నీ కలిపి రెండు లక్షల ముప్పై వేల దాకా అవుతుంది."

"ఏదైనా తగ్గించే దారి ఉందేమోనని..."

"ఇదే తగ్గించే దారండీ. వాళ్లు కేసు తెరిచేదాకా ఆగితే ఈ దారి కూడా ఉండదు. చేసింది ఒప్పుకుని కట్టెయ్యడం పౌరుడిగా మన బాధ్యత కదా."

ఆ ఆఖరి వాక్యం ఎక్కడో విన్నట్టుందే అనుకుంది ఝాన్సీలక్ష్మి. విన్నది ఎక్కడో కాదు, తన నోటనే. ఎనిమిదో తరగతి పిల్లలకు జీతం తీసుకుని చెప్పే పాఠాన్ని తను బేగంపేట దాకా వచ్చి ఫీజు ఇచ్చి చెప్పించుకుంది.

తిరిగి వస్తూ బస్సులో లెక్క వేసింది. అబద్ధాన్ని నిలబెట్టాలంటే అత్తగారికి మూడేళ్ల అద్దె ఇవ్వాలి, ఆరున్నర లక్షలు. నిజం ఒప్పుకుంటే రెండు లక్షల ముప్పై వేలు. మహాత్ముల జీవిత చరిత్రల్లో సత్యం వైపు మళ్లడానికి ముందు ఏదో ఒక వెలుగు కనబడినట్టు రాస్తారు. ఝాన్సీలక్ష్మికి లాలాపేట సిగ్నల్ దగ్గర కనబడింది. సత్యం ఆ రోజు నాలుగు లక్షల పైచిలుకు తేడాతో గెలిచింది.

గాజులు జనరల్ బజార్‌కే తిరిగి వెళ్లాయి. మిగతాది పొదుపులోంచి తీసి కట్టేసింది. వీరరాఘవమ్మ గారికి వచ్చిన ఉత్తరానికి కూడా, అద్దె అందలేదు, రాలేదు, లేదు అని ప్రేమమణి గారే జవాబు రాసి పంపారు.

ఆ సాయంత్రం అత్తగారు కోడలి బోసి చేతులు చూశారు.

"గాజులు పోయాయా?"

"పోయాయత్తయ్యా."

"గవర్నమెంటు సొమ్ము గవర్నమెంటుకి పోయింది, దానికేవుంది. వాళ్లకి వడ్డీ కూడా కట్టావుటగా." ఈసారి ఆవిడ కోడలి వైపే చూశారు. "గ్యాస్ కాగితాలని చెప్పావే, దానికి వడ్డీ ఎవరు కడతారు?"

ఝాన్సీలక్ష్మి తల వంచుకుని నిలబడింది. హోంవర్కు చెయ్యని పిల్లలు అంతసేపు నేల వైపు ఏం చూస్తారో ఆవిడకు అప్పుడు అర్థమైంది.

"సరేలే. వచ్చే నెల నుంచి ఒకటో తారీఖున అద్దె నా చేతిలో పెట్టు. ఎంతన్నది నీ ఇష్టం. పెట్టాకే సంతకం. అదీ చదివాకే" అన్నారు వీరరాఘవమ్మ గారు.

ఇప్పుడు ఆ ఇంట్లో నిజంగానే ఒకటో తారీఖున అద్దె ఇచ్చి, రసీదు పుచ్చుకుని, ఆ తర్వాతే కాఫీ తాగుతున్నారు. బాత్రూం పంపు కూడా బాగయింది.

నిజాయితీగా పన్ను కట్టిన పౌరురాలిగా అసోసియేషన్ వారు ఆవిడకు సన్మానం చేశారు. వరహాలబాబు గారికి రెండోసారి కప్పుదామని కొని ఉంచిన శాలువా ఉండనే ఉంది. ఝాన్సీలక్ష్మి జరిగిందంతా చెప్పి, జవాన్ల బూట్ల గురించి కూడా మాట్లాడింది. అధ్యక్షుడు కళ్లు తుడుచుకుని, దేశం ఇలాంటివారి వల్లే నిలబడిందన్నాడు. సభ అయ్యాక జనం ఒకరి వెనుక ఒకరు ఆవిడ దగ్గరికి వచ్చారు. ప్రేమమణి గారి నంబరు అడుగుతారేమోనని ఆవిడ ఫోను తీసి పట్టుకుంది.

"తుకారాం గారి ఆఫీసు ఎక్కడన్నారు?" అని అడిగాడు అధ్యక్షుడు, గొంతు తగ్గించి. "మీకంటే మీ అత్తగారు అడ్డుపడ్డారు గానీ, మా అమ్మ నేను చెప్పినట్టే చెబుతుంది."

వెనక ఉన్నవాళ్లంతా తలలూపారు. వాళ్ల వాళ్ల అమ్మలూ అంతేనట.

ఇక్కడిదాకా చదివాక మీకు గుర్తొచ్చింది ఝాన్సీలక్ష్మి గాజులు కాక, మీ ఇంటి అద్దె రసీదుల మీద ఉన్న సంతకం అయితే, కంగారు పడకండి. ముందు ఈ పుస్తకం తీసి లోపల పెట్టండి. మీ అత్తగారికి కూడా చదవడం వచ్చు.