పాపాయి నిరాహార దీక్ష

స్టేషన్ ఘన్‌పూర్ ప్రజానీకానికి తెలియజేయడమేమనగా, వర్తకుల జేఏసీ కన్వీనర్ జగపతి గారి ఏకైక పుత్రిక, నెల కూడా నిండని చిరంజీవి, సకల జనుల సమ్మెకు మద్దతుగా ఈ ఉదయం నుంచి పాలు మానేసింది. ఈ ముక్క మైకులో వినగానే బజారంతా చప్పట్లు కొట్టింది. వార్తలో అబద్ధమేమీ లేదు. పాప పాలు మానేసిన మాట నిజమే. కడుపులో గాలి నిలిచి మానేసింది.

జగపతి గారిని ఎరగని వారుండరు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమాన్ని భుజాన వేసుకున్న మనిషి. సమ్మె మొదలైన రోజే తన కిరాణా దుకాణానికి తాళం వేసి, దాని ముందే దీక్షా శిబిరం వేయించాడు. దుకాణం వెనకే ఇల్లు. చక్కెర బస్తాను లారీ మీది నుంచి ఒక్కడే దించగలడు గానీ, కన్నబిడ్డను ఇంతవరకు ఎత్తుకోలేదు. బస్తాకు మెడ ఉండదు, పాపకు మెడ ఉంది, అది ఇంకా నిలవలేదు. ఆయన భయంలో న్యాయముందని మనం ఒప్పుకోవాలి.

ఆయన భార్య అరుంధతి పుట్టిల్లు తరిగొప్పుల. బస్సులు బందైనందున దవాఖాన నుంచి అక్కడికి పోలేక నేరుగా అత్తగారింటికే వచ్చింది. ఆమె తల్లి రావడానికీ దారి లేదు. అత్త కస్తూరమ్మ మహిళా జేఏసీ అధ్యక్షురాలు కాబట్టి పొద్దున లేస్తే రోడ్డు మీద బతుకమ్మ ఆడాలి. దాంతో ఇంట్లో తల్లీ పిల్లా మిగిలారు. పాప దించితే ఏడుస్తుంది, ఎత్తుకుంటే ఊరుకుంటుంది.

ఆనాడు అందరికీ ఉన్నట్టే అరుంధతికీ ఒకటే డిమాండు ఉండేది.

"జర పాపను భుజం మీద ఏసుకోండ్రి. పాలు తాగింది, తేపు తెప్పియ్యాలె. గంతల నేను రెండు బుక్కలు తింట."

"ఒక్క నిమిషం ఆగు," అన్నాడు జగపతి. "గిది ఆషామాషీ యవ్వారం గాదు. మెడకు ఏమన్నయితె? పెద్దమనుషులతోని మాట్లాడి చెప్త."

కమిటీల పేరుతో ఢిల్లీ కాలం గడుపుతోందని అంతకుముందే మైకులో గొంతు చించుకున్న ఆయన, అక్కడికక్కడే ఒక కమిటీ వేశాడు. శిబిరంలో కూర్చున్న లచ్చయ్య ఆరుగురు పిల్లల తండ్రి గనుక ఆయన్ని ఏకగ్రీవంగా అధ్యక్షుణ్ణి చేశారు. ఆరుగురిలో ఒక్కరినైనా నడక వచ్చేదాకా ముట్టుకోలేదని ఆయన సభాముఖంగా చెప్పుకున్నాడు. ఇంతకంటే అర్హత ఏం కావాలి?

పాపను ఏ భుజం మీద వేసుకోవాలన్న దానిపై చర్చ మొదలైంది. కమ్యూనిస్టులు ఎడమ భుజమన్నారు. మిగతావారు అందుకే కుడి భుజమన్నారు. అంతటితో ఆగక, ప్రయోగం చేసి చూద్దామని దుకాణం షట్టరు సగం లేపి ఓ బెల్లం ముద్ద తెచ్చారు. దానికి తువ్వాల చుట్టి, లచ్చయ్య భుజాన వేసుకుని, పాప వీపనుకుని నాలుగు తట్టాడు. బెల్లం రెండు ముక్కలైంది. శిశువును తేన్పించడం మిక్కిలి ప్రమాదకరమని కమిటీ నివేదిక ఇచ్చి, ఆ బెల్లం పంచుకుని తిన్నది.

లోపల కంచంలో అన్నం చల్లారిపోయింది. అరుంధతి పాపను భుజం మార్చి భుజం మీద వేసుకుని నిమురుతూనే ఉంది. నిద్ర లేక, తిండి లేక ఆమెకు పట్టు జారుతోంది. పడేస్తానేమోనని భయం పుట్టి మంచం మీద పడుకోబెడితే, పాప ముడుచుకుని కెవ్వుమంది. పాలు పట్టబోతే మొహం తిప్పేసింది. ఆమె వాకిట్లోకి వచ్చి కేకేసింది.

"ఏమండీ, పాప పాలు ముట్టుత లేదు!"

ఆ రోజుల్లో శిబిరంలో కూర్చున్నవాడికి 'ముట్టుత లేదు' అన్న మాటకు ఒకటే అర్థం. లచ్చయ్య మైకు అందుకున్నాడు. ఆ తర్వాతి ప్రకటన మీరు పైన చదివారు.

పాపను పట్టుకున్న అరుంధతిని పట్టుకొచ్చి శిబిరం నడుమ కుర్చీలో కూర్చోబెట్టారు. దండ పాపకు పెద్దదవడంతో తల్లి మెడలో వేశారు. విలేకరులు తల్లీ దండా ఫొటోలో పడకుండా పాపను మాత్రమే తీశారు.

"అన్నా, దీక్ష గాదే, గాలి," అన్నది అరుంధతి. "ఎవరన్న ఒక్కరు జర ఎత్తుకోండ్రి. నాకు కండ్లు తిరుగుతున్నయి."

"చూసిండ్రా!" అన్నాడు లచ్చయ్య మైకులో. "పసిగుడ్డు పట్టుదల చూసి కన్నతల్లికే కండ్లు తిరుగుతున్నయి! గీ బిడ్డ ఆకలి ఊకెనే పోదు!"

జనం జేజేలు కొట్టారు. అంతలో కస్తూరమ్మ బతుకమ్మ ఆట ముగించుకుని వచ్చింది. మనవరాలి త్యాగం విని కళ్లొత్తుకుని, పెద్దల సమక్షంలో దీక్ష విరమింపజేద్దామని గ్లాసుతో నిమ్మరసం తెప్పించింది. ఆ గ్లాసు పాప పెదవుల దగ్గరికి వచ్చింది.

అప్పుడు అరుంధతి లేచింది. పాపను తెచ్చి జగపతి భుజాన వేసింది. ఆయన అరచేయి లాగి పాప మెడ వెనక ఆనించింది, రెండో చేయి కింద పెట్టించింది. "గిట్ల పట్టుకోండ్రి. మెల్లగ నిమురుండ్రి. ఏం గాదు," అన్నది. అత్త చేతిలోని గ్లాసు తీసుకుని గటగటా తాగేసింది.

"పొద్దటి సంది ఏం ముట్టంది నేను. దీక్ష నాది. ఇడిసిన," అని లోపలికి పోయి కంచం ముందు కూర్చుంది.

జగపతి చెప్పినట్టే మెల్లగా వీపు నిమిరాడు. కాసేపటికి మైకు ముందు, ఊరంతా వినేలా, పాప తేన్చింది. కండువా మీద ఇన్ని పాలు కక్కి, తండ్రి మెడలో మొహం దాచుకుని పడుకుంది.

"గింతేనా!" అన్నాడు జగపతి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక్కడ మాత్రం నాకు ఆయన మీద నవ్వు రాలేదు. వచ్చినా ఎంతోసేపు ఆపుకోవలసిన పని పడలేదు. అరుంధతి చేయి కడుక్కుని రాగానే పాపను ఆమెకు అప్పగించి, భుజం గుంజుతోందని కుర్చీలో కూలబడ్డాడు. నలుగురు విసనకర్రలతో విసిరారు.

భార్య అన్నం తిన్నంత సేపు బిడ్డను ఎత్తుకున్న మగవాడు మన తాలూకాలో అంతకుముందు లేడు కాబట్టి, మరుసటి ఆదివారం ఆయనకు ఘనంగా పౌర సన్మానం చేశాం. జనగామ నుంచి శాలువా తెప్పించాం. నేను చప్పట్లు కొట్టాను, మీరూ కొట్టారు. ఎవరికో గుర్తొచ్చి అరుంధతిని కూడా వేదిక మీదికి పిలవాలన్నారు. కబురు పంపాం. పాపను ఎత్తుకునే మనిషి లేడట, రాలేనన్నది. ఆడవాళ్లకు ఉద్యమస్ఫూర్తి ఇంకా చాలా రావాలని మనమంతా నొచ్చుకుంటూ భోజనాలకు లేచాం.