సన్మానం ముగిసేదాకా దిగరాదు

యుద్ధం సాగుతుండగానే వీరులను సత్కరించడం మన నౌకాదళం పెట్టుకున్న మంచి అలవాటు. ముగిసేదాకా ఆగితే సత్కరించడానికి వీరులు మిగలరు. అందుచేత తూనీగకు శౌర్యపతకమిచ్చే సభను విమానవాహక నౌక మీద, సరిగ్గా విమానాలు దిగే చోటే, టెంటు వేసి ఘనంగా ఏర్పాటు చేశారు. తూనీగ అంటే ఓడలో అందరూ ముద్దుగా పిలుచుకునే పైలట్. శత్రునౌకను ముంచి, చిరిగిన రెక్కతో తిరిగొచ్చిన మనిషి.

సన్మానగ్రహీతే వేదిక మీదుగా విమానంలో సాగిపోతే నిండుగా ఉంటుందని మంత్రిగారు ముచ్చటపడ్డారు. తూనీగ సాగిపోయాడు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత అతను ఎక్కడ దిగాలన్నది మాత్రం ఆహ్వాన సంఘంలో ఎవరికీ తట్టలేదు.

వెనకసీట్లో వైర్‌లెస్ చూసే కుర్రాడు తూనీగకు స్వయానా బావమరిది. కింది సభ అంతా అతని చెవుల్లో వినిపిస్తోంది.

"బావా, మంత్రిగారు లేచారు."

"టెంటు తీయమని చెప్పు."

"ఆయన మాట్లాడుతుండగా తీస్తే బాగుండదట."

పైగా విమానం దిగాలంటే ఓడ గాలికి ఎదురు తిరగాలి. తిరిగితే మంత్రిగారి ఉపన్యాసం కాగితాలు సముద్రం పాలవుతాయి. కనుక ఓడ తన దారిన తాను పోతూనే ఉంది. "ఈ వీరుడికి భయమంటే ఏమిటో తెలియదు! ఆకాశమే ఇతని ఇల్లు!" అని మంత్రిగారు గర్జిస్తున్నవేళ, తూనీగకు అదేమిటో తెలిసొస్తోంది. పెట్రోలు ముల్లు అడుగంటుతోంది.

"ఎంతుంది బావా?"

"మీ అక్కకు చెప్పకు."

మంత్రిగారి తర్వాత దళాధిపతి లేచారు. దళాధిపతి తర్వాత, కుర్చీలు సరఫరా చేసిన పెద్దమనిషి కూడా నాలుగు మాటలు చెప్పాలన్నాడు. ఆయన రెండో మాటలో ఉండగా ఇంజను ఆగిపోయింది. తూనీగ విమానాన్ని ఎలాగో నీళ్లమీద దించాడు. అది మునిగిపోయింది.

సభాధ్యక్షుడు సమయస్ఫూర్తి కలవాడు. వెంటనే కంఠం బొంగురు చేసుకుని వీరమరణం ప్రకటించాడు. మంత్రిగారు మళ్లీ లేచి, పతకాన్ని ఒక మెట్టు పెంచి మరణానంతర పురస్కారం చేశారు. రేడియోలో వింటున్న దేశమంతా మౌనం పాటించింది. ఓడ కూడా సంతాపసూచకంగా ఇంజన్లు ఆపి నిలిచింది. మనమూ లేచి నిలబడ్డాం, కళ్లు తుడుచుకున్నాం.

ఆ మౌనంలోనే బావా బావమరుదులు ఈదుకుంటూ వచ్చి, తాళ్ల నిచ్చెన పట్టుకుని ఓడెక్కారు. దళాధిపతి గబగబా ఎదురొచ్చాడు.

"నేను బతికే ఉన్నానండీ," అన్నాడు తూనీగ, నీళ్లు కక్కుతూ.

"కనిపిస్తూనే ఉంది నాయనా. కానీ ప్రకటించేశాం కదా. కాసేపు కిందికెళ్లి కూర్చో."

సాయంత్రం వార్తల్లో, వాతావరణం తర్వాత, అతను బతికున్న సంగతి ఒక్క ముక్కలో చెప్పారు. అతని భార్య ఒక్కతే సంతోషించింది. మనకు మాత్రం ఒళ్లు మండింది. వెక్కి వెక్కి ఏడ్చినవాళ్లం, ఇప్పుడిలా బతికొస్తే మన ఏడుపు ఏం కావాలి? ఇది జాతిని మోసగించడం కాదా అని రాత్రికి రాత్రే తంతి మీద తంతి కొట్టాం.

నౌకాదళం ప్రజాభిప్రాయాన్ని మన్నించింది. మర్నాటి దాడిలో అందరికంటే ముందు వెళ్లే విమానం తూనీగకు కేటాయించింది. వెనకసీటు గురించి ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి బావమరిదీ ఎక్కాడు. మనం పనులన్నీ పెందలాడే ముగించుకుని, చేతిరుమాళ్లతో రేడియోల ముందు కూర్చున్నాం.