గోంగూర పర్మిట్

ఆ ఉదయం ఎడ్విన్ రాజు పెట్టుకున్న పని ఒక్కటే. వార్డు ఆఫీసుకు వెళ్ళి, గోంగూర పచ్చడి ఇంటింటికీ చేరవేసుకోవడానికి అనుమతి అడగాలి. సైన్యం గద్దెనెక్కిన ఏడాది అది. బర్మాలోని యాంగోన్‌లో సందుసందుకూ కాపలా. ఫోన్లలో ఇంటర్నెట్ లేదు, బయటి దేశాల కబురు లేదు. సంచౌంగ్ పేటలో ఉండే ఆయన చెల్లెలు వెరోనికా పనిచేసే బట్టల ఫ్యాక్టరీ మూతపడింది. ఆమె కూతురు సిల్వియా నర్సు. సైన్యానికి ఎదురుతిరిగిన సమ్మెలో చేరినందుకు ఇన్సేన్ జైల్లో ఉంది. జైలు గేటు దగ్గర పార్సిళ్ళు పుచ్చుకుంటారు. గోంగూర పచ్చడి తొందరగా పాడవదు గనక, పిల్లలు లోపలున్న మరో పదిహేను కుటుంబాలు వెరోనికాను అదే చేసిపెట్టమన్నాయి.

"పచ్చడికి అర్జీ ఏటన్నా? సైకిలెక్కి ఎలిపోతే సరిపోద్ది కదా" అంది వెరోనికా.

"దార్లో ఎవడో ఆపి సీసాలు లాక్కుంటే పిల్ల ఏటి తింటాది? కాయితం ఉండాల" అన్నాడు ఎడ్విన్. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు గుమస్తాగా చేసినవాడు. కాగితం లేకుండా గడప దాటడం ఆయనకు చేతకాదు.

సరుకు పేరు బర్మీస్‌లో గానీ ఇంగ్లీషులో గానీ రాయాలని ఫారంలో ఉంది. సర్కారు కాగితం మీద వంటింటి మాట బాగుండదని, చర్చి బీరువాలోని పాత మొక్కల పుస్తకం తిరగేసి, గోంగూర శాస్త్రీయ నామం గుండ్రటి అక్షరాలతో రాశాడు: హైబిస్కస్ కన్నాబినస్.

వార్డు ఆఫీసు గుమస్తా కొత్తవాడు. పాతవాళ్ళంతా సమ్మెలోకి వెళ్ళిపోయారు. మొదటి మాట అతనికి అర్థం కాలేదు. రెండో మాటను పోలిన మాటొకటి, కన్నాబిస్ అని, పోలీసులు అంటించిన మత్తుమందుల పోస్టరులో చూసినట్టు గుర్తు. అంటే గంజాయి. తలెత్తి చూశాడు. ఎదురుగా ఇస్త్రీ చొక్కాతో పెద్దమనిషి.

"ఇది ఆకేనా?" అన్నాడు బర్మీస్‌లో.

"ఆకే. నది అవతల ట్వంటే నుంచి పడవ మీద వస్తుంది."

"ఇంటింటికీ ఇస్తారా?"

"జైలు దాకా ఇస్తాను" అన్నాడు ఎడ్విన్ వినయంగా.

గుమస్తా గొంతు తగ్గించాడు. "మీ వెనక ఎవరున్నారు?"

ఎడ్విన్ చర్చి పెద్ద. ఎవరడిగినా ఆయన జవాబు అదే. "ఇంకెవరు, పైనున్నాయనే. ఆయన అనుమతి లేనిదే ఆకైనా కదలదు."

గుమస్తాకు చెమటలు పట్టాయి. గంజాయికి బాహాటంగా అర్జీ పెట్టుకున్నాడంటే పైనున్నాయన ఏ జనరలో అయ్యుండాలి. ముద్ర గుద్ది, పైన ఎర్ర సిరాతో 'పైవారి ఆమోదంతో' అని రాసి, లేచి నిలబడి ఇచ్చాడు.

ఆ కాగితం చూడగానే కాపలా సిపాయిలు సంచి విప్పకుండానే అడ్డుకంచె జరిపేవారు. రెండు వారాలు సీసాలు నిక్షేపంగా జైలుకు చేరాయి. కానీ కంచె జరగడం వీధంతా చూసింది. సిపాయిలు దారిచ్చే తెలుగువాడెవడు? వాళ్ళ వేగు తప్ప? ఆదివారం చర్చిలో, నలభై ఏళ్ళుగా పక్క బల్లమీద కూర్చునే డోరతీ లేచి వెనక్కి వెళ్ళిపోయింది. ఆవిడ కొడుకూ జైల్లోనే ఉన్నాడు. ఆ సాయంత్రం రెండిళ్ళవాళ్ళు సీసాలు తిప్పి పంపేశారు.

"నువ్వు ఆళ్ళ మనిసివంటన్నారన్నా" అంది వెరోనికా తలొంచుకుని. ఎడ్విన్ ఆ పూట అన్నం ముట్టలేదు.

మూడో వారం ఇంటిముందు జీపు ఆగింది. ఒక కెప్టెన్ దిగి, నెమ్మదిగా రెండు కిలోలు అడిగాడు. ఎడ్విన్ రెండు సీసాలు తెచ్చి ఇచ్చాడు. కెప్టెన్ మూత తీసి వాసన చూశాడు. వేలితో నాలిక్కి రాసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇదేమిటి?"

"కాస్త కారం ఎక్కువైందయ్యా."

"సరుకేది?"

"అదే సరుకు."

కెప్టెన్ పర్మిట్ లాక్కుని, అందులో రాసిన సరుకు గంజాయని గట్టిగా చెప్పాడు. వీధంతా కిటికీల్లోంచి చూస్తుండగా ఎడ్విన్‌ను జీపెక్కించారు.

స్టేషన్లో ఏ కేసు పెట్టాలో ఎవరికీ తోచలేదు. గంజాయి కేసు పెడదామంటే గంజాయి లేదు. పైగా కెప్టెన్ అక్కడికెందుకు వెళ్ళాడో రాయాల్సి వస్తుంది. సాయంత్రం దాకా బల్లమీద కూర్చోబెట్టి, గంజాయి పేరు చెప్పి పచ్చడి అమ్మి ప్రజలను మోసగించనని హామీ రాయించుకుని, పర్మిట్ చింపి వదిలేశారు.

ఇల్లు చేరేసరికి మెట్లమీద డోరతీ నిలబడి ఉంది. జీపెక్కించడం ఆవిడా చూసింది.

"కొట్టినారా రాజన్నా?"

"లేదమ్మా."

"మా వోడు పచ్చడి బాగుందని చీటీ రాసినాడు. ఇంకో సీసా ఉంటే ఇయ్యి" అంది, మొహం చూడకుండా. ఎడ్విన్ లోపలికి దారిచ్చాడు.

మర్నాడు ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ ఉండగానే వెరోనికా సంచి భుజాన వేసుకుని ఇన్సేన్ బస్సెక్కేసింది. ఆయన మాత్రం వార్డు ఆఫీసుకు వెళ్ళి, ఈసారి పచ్చడి అని బర్మీస్‌లోనే రాసి ఇచ్చాడు. గుమస్తా కూర్చునే చదివి, తినే వస్తువు గనక పదకొండు కాగితాలు, ఒక ల్యాబ్ పరీక్షా కావాలన్నాడు.