వైద్య బూత్ ముందు అందరం మంచిగున్నం

ఈ దేశంలో కొత్తగా పెళ్లయినవాళ్ల కోసం ఎవరైనా, ఎప్పుడైనా, ఏదైనా మేలు చేశారంటే అది మా ఊళ్లో పెట్టిన వైద్య బూత్ ఒక్కటే! నవ్వకండి. నేను డిగ్రీ చదివినదాన్ని. పూర్తి స్పృహతోనే రాస్తున్నాను.

ఆ బూత్ పల్లె జనానికి వైద్యం అందించడానికని పెట్టినవాళ్లు చెబుతారు. మంచిపని చేసేవాళ్లు అసలు ఉద్దేశం బయటికి చెప్పరు, అది వాళ్ల వినయం. నాకు మాత్రం మొదటిరోజే అర్థమైంది. అది నా కోసం, మా ఆయన మహేష్ కోసం పెట్టారు.

ఎందుకంటారా? నేను మచ్చ బొల్లారంలో ఇరుకింట్లో పెరిగి, పెళ్లయ్యాక శామీర్‌పేట అవతల మా అత్తగారి ఊరికి వచ్చాను. ఇక్కడ ఇల్లు పెద్దది. గదులు బోలెడు. కాని ప్రతి గదిలో ఒక చుట్టం! పెళ్లికి వచ్చిన మేనత్తలు పండుగ చూసుకొని పోదామనుకున్నారు, ఏ పండుగో మాత్రం చెప్పలేదు. మా గదికి గడియ ఉంది. కాని మా అత్తమ్మ బాలమణి చీరల బీరువా కూడా ఆ గదిలోనే ఉంది. ఒక మనిషికి పూటకెన్ని చీరలు అవసరమవుతాయో నాకు పెళ్లికి ముందు తెలియదు.

అలాంటి సమయంలో వచ్చింది బూత్. నిలువెత్తు అద్దాల గది. లోపల ఏసీ. రోగికో కుర్చీ, వెంట వచ్చినవారికో కుర్చీ. అద్దాలకు నీలం తెర. తలుపు దానంతటదే మూసుకుంటుంది. ఎదురుగా స్క్రీన్ వెలిగి, ఒక తీయని గొంతు, "డాక్టర్ గారు మరికాసేపట్లో మీ ముందుకు వస్తారు, దయచేసి వేచి ఉండండి" అంటుంది. ఆ తర్వాత వేణుగానం.

మరికాసేపు అంటే ఎంతసేపు? అక్కడే ఉంది అందమంతా! ఒక్కోసారి పల్లీలు తినేంతసేపు. ఒక్కోసారి పల్లీలు తిని, పొట్టు ఏరి, అలిగి, మళ్లీ కలిసిపోయేంతసేపు. కొందరు దీన్ని జాప్యం అంటారు. పాపం, వాళ్లకు పెళ్లయి చాలా ఏళ్లయి ఉంటుంది.

బీపీ యంత్రం సంగతి చెప్పనే లేదు. మా ఆయన పక్కన కూర్చుని నా చేతికి పట్టీ చుడితే, అది కాసేపు గురగురలాడి, "దయచేసి ప్రశాంతంగా కూర్చోండి" అని ఎర్ర అక్షరాల్లో వేడుకుంది. మా ప్రేమకు ఇంతకన్నా శాస్త్రీయమైన సాక్ష్యం ఏం కావాలి?

ఇక ఊరికి జరిగిన మేలు చూద్దాం. నేను స్వార్థపరురాలిని కాను.

బూత్‌ను ప్రారంభించింది మా మామయ్య జనార్ధన్ గారు. ఆయన ఒకప్పుడు వరి పండించేవారు, ఇప్పుడు ప్లాట్లు పండిస్తున్నారు. రాజకీయం మాత్రం రెండు కాలాల్లోనూ పండింది. మా ఊళ్లో ట్రాక్టర్ వచ్చినా, మిక్సీ వచ్చినా పసుపు రాసి కుంకుమ పెట్టకుండా మీట నొక్కరు. మా అత్తమ్మ పసుపు గిన్నె పట్టుకొని ఆ యంత్రానికి నుదురెక్కడుందా అని వెతికింది. స్క్రీన్ పైన నల్లగా, గుండ్రంగా ఒక చోటు కనిపించింది. అదే నుదురని భక్తితో, దట్టంగా పసుపు పూసింది.

అది కెమెరా.

ఆ వారం బూత్‌లోకి వెళ్లినవాళ్లందరికీ డాక్టరు హర్ష గారు కామెర్లని తేల్చారు. ఆయన కొత్తగా చదువు ముగించిన కుర్రవాడు, సిటీలో ఎక్కడో కూర్చుంటారు. కనిపించిన ప్రతివాళ్లూ పచ్చగా ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తారు? ఊరంతా ఉప్పు, నూనె మానేసింది. ఒక ఇంట్లో దావత్‌కు మేకను కోసి, చప్పిడి కూర వడ్డించారు. చివరికి మా అత్తమ్మే దుమ్ము పట్టిందనుకొని కొంగుతో ఆ నుదురు తుడిచింది. అంతే! ఒక్క తుడుపుతో ఊరంతటికీ కామెర్లు పోయాయి. ఏ పెద్దాసుపత్రిలో జరుగుతుందండీ ఇలాంటి అద్భుతం?

మా మామయ్య వెంచర్ బ్రోచర్ మీద బూత్ ఫోటో వేసి, "గడప దగ్గరే డాక్టర్" అని రాయించారు. బూత్ వచ్చాక ఎవరి బీపీ తగ్గిందో తెలియదు గానీ, గజం రేటు మాత్రం ఆరోగ్యంగా పెరిగింది.

ఇంత గొప్ప వస్తువుకు చోటెక్కడిదంటారా? మా ఊరి ఆరోగ్య సబ్‌సెంటర్‌లో. అంతకుముందు ఆ గదిలో పద్మజ అనే నర్సమ్మ, ఆమె బల్ల, దూది డబ్బా, గాజు సీసాలు ఉండేవి. బూత్ పట్టాలంటే అవన్నీ తీయాలి. తీసేశారు. బల్లను బడికి, డబ్బాను స్టోరుకు, నర్సమ్మను సిటీకి పంపారు. డాక్టరే వచ్చాక నర్సెందుకు? విమానం కొన్నవాడు సైకిల్‌కు గాలి కొట్టిస్తాడా?

ఇప్పుడు మా అవ్వ గురించి చెప్పాలి. ఆమె లేకుండా బూత్‌లోకి మాకు ప్రవేశం లేదు.

అవ్వ అంటే మామయ్య తల్లి ఐలమ్మ. ఆమెకు షుగర్. మా పెళ్లి బరాత్‌లో చెప్పులు చంకలో పెట్టుకొని కంకర రోడ్డు మీద ఆడింది. అప్పుడు అరికాల్లో చిన్న పుండయింది. అది మానలేదు. అందుకని అవ్వను బూత్‌కు తీసుకెళ్లే బాధ్యత మేమిద్దరం ఎంతో త్యాగబుద్ధితో మీద వేసుకున్నాం.

అవ్వ తెలివైనది. "మీరు లోపట కూసోండ్రి. డాక్టరస్తె నన్ను పిలువుండ్రి. నాకా ఏసీ గాలి పడది," అని బయట బెంచీ మీద కూర్చునేది. మా వెనక తెర కూడా తనే లాగేది! అలాంటి అవ్వ మీకుందా?

వేణుగానం ఆగగానే మేం లేచి ఆమెను కూర్చోబెట్టేవాళ్లం. స్క్రీన్ మీద డాక్టరు గారు, "ఎలా ఉన్నారమ్మా?" అనేవారు.

"మంచిగున్న బిడ్డా. నువ్వు మంచిగున్నవా? తిన్నవా? ఏం కూర?"

"బాగున్నానమ్మా. సంతోషం."

కాలి సంగతి మేం చెప్పేలోపే స్క్రీన్ ఆరిపోయేది.

అవ్వ ఒక్కతే అనుకునేరు. ఊరంతా అంతే. జ్వరంతో వణుకుతూ వెళ్లినవాడూ ముఖానికి పౌడరు రాసుకుని, ఫోటో దిగినట్టు నిటారుగా కూర్చుని, "మంచిగున్న సార్" అనే వచ్చేవాడు. ఎవరైనా టీవీలోంచి అంత మర్యాదగా పలకరిస్తే, ముఖం మీద బాగలేనని ఎలా చెబుతారు? మా ఊరికి అంతటి సంస్కారం ఉంది.

సంస్కారం వృథా పోలేదు. బూత్ పెట్టినవాళ్లు లెక్కలు తీసి, చుట్టుపక్కల ఇంత ఆరోగ్యమైన ఊరు లేదని మామయ్యకు శాలువా కప్పి షీల్డు ఇచ్చారు. నర్సమ్మను పంపించడం ఎంత సరైన నిర్ణయమో దాంతో రుజువైంది కూడా. ఆ షీల్డు మా హాల్లో ఉంది. మేనత్తలు రోజూ దాన్ని తుడుస్తారు. వెళ్లిపోవడానికి అదో ఆటంకం.

ఇంతవరకు అన్నీ మేళ్లే.

ఒక పొద్దున అవ్వ చాయ్ తాగకుండా పడుకుంది. ఒళ్లు కాలిపోతోంది. మా అత్తమ్మ దుప్పటి జరిపి కాలు చూసి, మామయ్యను పిలిచింది. కాలు చీలమండ దాకా ఉబ్బింది. చిన్నదనుకున్న పుండు నల్లబడింది.

ఊరికి డాక్టరున్నాడు కదా! బ్రోచర్ మీద కూడా ఉంది. అందరం బూత్‌కు పరుగెత్తాం. తెర లాగలేదు. అదే వేణువు, అదే తీయని గొంతు, "దయచేసి వేచి ఉండండి." ఆ పాట అంత పొడుగుంటుందని ఆరోజే తెలిసింది. నేనూ, మా ఆయనా ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

డాక్టరు గారు వచ్చారు. "ఎలా ఉన్నారమ్మా?"

అవ్వ కొంగు సర్దుకుంది. నవ్వింది.

"మంచిగున్న బిడ్డా. నువ్వు తిన్నవా?"

"ఓ అత్తమ్మా!" మా అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. "ఒక్కపారన్న బాగలేనని చెప్పు! నీకు దండం వెడత!"

"సోయి లేదానె నీకు బాలమణీ? పరాయి పిలగాడు పావురంగ మంచిచెడ్డలు అడుగుతుంటె బాగలేనని ఎట్ల చెప్త? మనసు నొచ్చుకోడా?"

డాక్టరు గారి చెయ్యి మౌస్ వైపు కదిలింది. "బాగలేదు సార్! అబద్ధం చెబుతోంది! కాలు చూడండి!" అని అరిచాను. కొత్త కోడలి గొంతు అంత పెద్దదని మా అత్తగారింట్లో అప్పుడే తెలిసింది.

"కాలు చూపించండి," అన్నారు ఆయన.

ఎలా చూపించడం? కెమెరా ముఖం ఎత్తున బిగించి ఉంది. ఈ ఊళ్లో రోగాలన్నీ మెడ పైనే వస్తాయని ఎవరో నిర్ణయించినట్టున్నారు. మామయ్య ఒకవైపు, మా ఆయన ఒకవైపు కుర్చీతో సహా అవ్వను లేపారు. అవ్వ తల కప్పుకు తగిలింది.

"దించుండ్రిరా! జనార్ధనా, బతికుండంగనే పాడె ఎక్కిస్తున్నవేందిరా!"

"జర సేపు ఓర్సుకో అవ్వా! మహేషూ, పైకి లేపు, ఇంక పైకి!" అన్నారు మామయ్య.

అవ్వ పాదం స్క్రీన్ నిండా కనిపించింది. డాక్టరు గారు ముందుకు వంగారు. ఆ ముఖంలోని నిద్రమత్తు ఎగిరిపోయింది.

"ఇది చూసి చెప్పేది కాదండి. చేత్తో ముట్టుకొని చూడాలి. శుభ్రం చేసి కట్టు కట్టాలి. ఆలస్యం చేయకుండా ముందు మీ ఊరి సబ్‌సెంటర్‌కు తీసుకెళ్లండి. అక్కడ నర్సు ఉంటుంది."

కుర్చీ గాల్లోనే ఉంది.

"సార్," అన్నారు మామయ్య, "మేం సబ్‌సెంటర్లనే ఉన్నం."

"మంచిది. అయితే నర్సును పిలవండి."

"నర్సమ్మను తీసేసే మిమ్ముల పెట్టిన్రు సార్."

డాక్టరు గారు స్క్రీన్ మీద బొమ్మలా ఆగిపోయారు. నెట్ ఆగిందేమో అనుకున్నాం. అంతలో ఆయన భుజం వెనక నుంచి ఒక తల తొంగిచూసింది. చెవులకు హెడ్‌ఫోన్. మా పద్మజ నర్సమ్మ! ఆమె పని ఇప్పుడు ఆ తీయని గొంతు తర్వాత కాల్స్ కలపడమట.

"అయ్యో అవ్వా! గా కాలేంది గట్లయ్యింది?"

"ఓసి పద్మజా! నువ్వా టీవీ డబ్బాలకు ఎట్ల వోయినవే? సన్నగైనవ్. తింటలేవా?"

"నా ముచ్చట తర్వాత గని, బాలమణక్కా, జల్దీ మేడ్చల్ తీస్కపోండ్రి. ఇంటికి గిట్ల పోకుండ్రి, గట్లనే పోండ్రి!"

స్క్రీన్ మారింది. "మా సేవకు మీరిచ్చే స్టార్లు ఎన్ని?" అని అడిగింది. అవ్వ కుర్చీలో కిందికి దిగుతూనే చెయ్యి చాచి, ఉన్న స్టార్లన్నీ నొక్కేసింది. "పాపం, మంచి పిలగాడు," అంది. మరో షీల్డు వచ్చినా ఆశ్చర్యపోను.

మామయ్య కారు తిన్నగా వెళ్లి మేడ్చల్ ఆసుపత్రి ముందు ఆగింది. అక్కడి డాక్టరమ్మ కూడా, "ఎట్లున్నవ్ అవ్వా?" అంది. "మంచిగున్న బిడ్డా," అంది అవ్వ. డాక్టరమ్మ ఆ మాట వింటూనే చేత్తో పాదం పట్టుకుని బొటనవేలితో మెల్లగా నొక్కింది.

"అబ్బా! సచ్చిన్రా కొడుకా!"

అన్ని వారాల్లో మా అవ్వ నోటి నుంచి వచ్చిన మొదటి నిజం అది.

ఇంకాస్త ఆగి ఉంటే పాదం తీయాల్సి వచ్చేదట. తీయలేదు. ఇప్పుడు అవ్వ కాలికి కట్టుతో మంచం మీద కూర్చుని, మేనత్తలకు బరాత్ డాన్సు చేతులతో చూపిస్తోంది. మాకు కారుంది కాబట్టి చూపిస్తోంది. కారు లేని ఇళ్లలో కూడా అవ్వలున్నారు. వాళ్లూ తెర ముందు కొంగు సర్దుకుని, మంచిగున్నమనే చెబుతున్నారు.

కాబట్టి పెద్దలారా, బూత్‌ను తీసేయమని మాత్రం నేను అననే అనను! దాని మేలు మరిచేంత కృతఘ్నురాలిని కాను. డాక్టరు హర్ష గారూ ఉండాలి, మంచివారు. కాని ఆ గదిలోకి బల్ల, దూది డబ్బా, పద్మజ నర్సమ్మ తిరిగి రావాలి. పట్టి, నొక్కి, మా అవ్వలచేత "అబ్బా" అనిపించే చెయ్యి రావాలి.

మరి బూత్‌కు చోటు చాలదంటారా? దానికి ఉపాయం ఆలోచించాను. అత్తమ్మ చీరల బీరువాను సబ్‌సెంటర్ వరండాలో పెట్టించి, బూత్‌ను మా గదిలోకి పంపించండి. వేణువు ఉండనివ్వండి. తెర తప్పనిసరి. డాక్టరు గారు ఎంత ఆలస్యంగా వచ్చినా ఫిర్యాదు చేయం.

మేమిద్దరం నిజంగానే మంచిగున్నం.