జ్ఞాపకాల బంకు

"పెట్రోలు ధర తగ్గించడం మన చేతిలో లేదు. ధర తక్కువగా ఉన్న రోజుల్ని గుర్తు చేయడం మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది" అని మంత్రి విశ్వనాథ్ గారు నెల్లిమర్ల సభలో ప్రకటించగానే జనం రెండు నిమిషాలు చప్పట్లు కొట్టారు. కొట్టరూ మరి! ధర తగ్గిస్తామన్నవాళ్లు బోలెడుమంది వచ్చారు, పోయారు. తగ్గిన ధరను గుర్తు చేస్తామన్న మహానుభావుడు ఇంతవరకూ పుట్టలేదు.

పథకం పేరు 'జ్ఞాపకాల బంకు'. జూట్ మిల్లు దారిలో ఎప్పుడో మూతపడ్డ పెట్రోలు బంకుకు రంగులేశారు. పాత ఇనప సామాన్ల కొట్టు నుంచి చేత్తో తిప్పే పంపు ఒకటి తెచ్చి నిలబెట్టారు. దాని నెత్తిన గాజు బుడ్డి. పంపు తిప్పితే పెట్రోలు ముందు బుడ్డిలోకి ఎక్కి, జనం కళ్లముందే కిందికి దిగుతుంది. 'లీటరు రూ. 3.50' అని పెద్ద బోర్డు కట్టారు. దాని కింద చిన్న అక్షరాలతో 'చూచుటకు మాత్రమే' అని నిజాయితీగా రాయించారు.

ఇక కావలసింది ఆ రోజులు గుర్తున్న మనిషి. ప్రత్యేకాధికారి వేంకటాచలం గారు మూడు మండలాలు గాలించి సోముల్ని పట్టుకున్నారు. సోములు కుర్రతనంలో ఆ బంకులోనే పనిచేశాడు. ఇప్పుడు డెబ్బై దాటాయి. ఖాకీ నిక్కరు తొడుక్కుని, వచ్చిన కార్ల అద్దాలు తుడిచి, రేడియేటర్లో నీళ్లు పోసి, ఆ రోజులు ఎంత బాగుండేవో చెప్పడం అతని పని. అందుకు ప్రతిఫలంగా ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు స్వహస్తాలతో అతని మోపెడ్ ట్యాంకు నింపుతారు.

ట్యాంకు నిండా అనేసరికి సోములుకు ప్రాణం లేచొచ్చింది. భావనపాడులో ఉన్న తన చెల్లెలు అసిరమ్మను చూసి నాలుగేళ్లయిందని పెళ్లాం దాలమ్మ రోజూ సణుగుతోంది. బస్సెక్కితే ఆవిడకి వాంతులు. మోపెడ్ ఉంది గానీ, లీటరు నూట పది అయ్యాక సోములు దాని మీద చొక్కాలు ఆరేసుకుంటున్నాడు.

రిహార్సల్లో చిక్కొచ్చి పడింది. టైర్లకు గాలి ఊరికే కొట్టేవారమన్నాడు, కార్లవాళ్లు దిగి మంచీచెడూ మాట్లాడేవారన్నాడు, అన్నీ బాగానే చెప్పాడు. ఆఖర్న నుదుటి మీద మచ్చ చూపించాడు. పెట్రోలు మూడు నుంచి మూడున్నర అయిన రోజున 'జనం ఎలా బతకాలి' అంటూ కాలేజీ కుర్రాళ్లు బంకు మీద పడ్డారట. ఒక రాయికి గాజు బుడ్డి పగిలిందట, సోములు నుదురు చిట్లిందట. ఆ రాయి వేసిన విద్యార్థి నాయకుడి పేరు విశ్వనాథ్ అట.

వేంకటాచలం గారు ఫైలు మూసేశారు. ఆ ఒక్క జ్ఞాపకం ప్రభుత్వానికి అక్కర్లేదనీ, మిగతావన్నీ ఆమోదించామనీ మర్యాదగానే చెప్పారు. ఇంటికెళ్లి చెబితే దాలమ్మ కూడా ప్రభుత్వం పక్షమే వహించింది.

"ఎప్పటి దెబ్బో, ఇప్పుడు నొప్పెడతన్నాదేటి? నోరు మూసుకోని ట్యాంకు నింపించుకో మావా" అంది.

ప్రారంభోత్సవం నాడు గాజు బుడ్డిలోకి సరిగ్గా నాలుగు లీటర్లు ఎక్కించారు. అవి సోములువి. ఎండలో మెరుస్తున్న ఆ పెట్రోలు కేసి చూసుకుంటూ అతను మంత్రిగారి కారు అద్దం మూడుసార్లు తుడిచాడు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆ రోజులు బంగారమని చెప్పాడు. దాలమ్మ అయితే సంచీతో సహా వచ్చి మోపెడ్ వెనక సీటు మీద ఎక్కి కూర్చుంది.

అంతా సవ్యంగా జరిగిపోయేదే. మంత్రిగారికి పాత రోజులు నిజంగానే గుర్తొచ్చి కొంప ముంచాయి. మైకు సోములు మూతి దగ్గర పెట్టి, "నేను ఇక్కడే చదువుకున్నాను. నన్ను గుర్తుపట్టావా తాతా?" అనడిగారు. ఇద్దరిదీ ఒకటే వయసు.

సోములుకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. గుర్తు లేదంటే మంత్రిగారికి అవమానం. ఉందంటే ఏం గుర్తో చెప్పాలి. బుడ్డికేసి చూశాడు, దాలమ్మకేసి చూశాడు. మంత్రిగారు మళ్లీ అడిగారు.

"గురుతే బాబూ. తవరు ఇసిరిన రాయి ఇక్కడే తగిలినాది" అన్నాడు.

వేంకటాచలం గారు కళ్లు మూసుకుని ఇష్టదైవాన్ని తలుచుకున్నారు. మంత్రిగారు మాత్రం సోముల్ని గట్టిగా కౌగిలించుకున్నారు. మూడున్నర ఉన్నప్పుడే ధరల మీద పోరాడినవాణ్ణి నేనని సభకు చాటి, కళ్లు తుడుచుకున్నారు. విలేకరులు ఆ చారిత్రక ఘట్టం మరోసారి కావాలన్నారు. కార్యకర్త ఒకడు రాయి తెచ్చిచ్చాడు. మంత్రిగారు పంచె ఎగ్గట్టి, పెట్రోలు ధర తగ్గించాలని ఎవరినో డిమాండ్ చేసి, విసిరారు. వయసు మీద పడినా గురి చెక్కు చెదరలేదు. రాయి సోములు నుదుటిని గీసుకుంటూ పోయి గాజు బుడ్డిని బద్దలు కొట్టింది. నాలుగు లీటర్లూ నేల తాగేసింది. దేవుడి దయవల్ల ఎవరూ బీడీ ముట్టించలేదు.

మొగుడూ పెళ్లాలు మోపెడ్ తోసుకుంటూ ఇల్లు చేరారు. దాలమ్మ దారి పొడుగునా ఏడ్చింది, పెట్రోలు కోసం కొంత, మొగుడి తల కోసం కొంత.

వారం తిరక్కుండా వేంకటాచలం గారు జీపులో దిగారు. పోరాట ఘట్టం టీవీల్లో బ్రహ్మాండంగా పండిందట. ఇక నుంచి ఊరూరా జరపాలని ఉత్తర్వులు వచ్చాయట. దెబ్బ తినడానికి అసలు మనిషే ఉండాలని మంత్రిగారు పట్టుబట్టారట. రానూపోనూ ప్రభుత్వ జీపు. మొదటి కార్యక్రమం భావనపాడులో.

సోములు నుదుటి కట్టు సర్దుకున్నాడు. "భావనపాడులో పాత బంకేటీ నేదు కద బాబూ" అన్నాడు.

"లేకపోతేనేం? కట్టి, పగలగొడతాం" అన్నారు వేంకటాచలం గారు.

దాలమ్మ అప్పటికే జీపు ముందు సీట్లో సర్దుక్కూర్చుంది. అధికారిని దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి బతిమాలుకుంది.

"రాయి కొంచెం సిన్నది సూడండి బాబూ. మా సెల్లి సూడ్డానికొస్తాది."