హెడ్మాస్టరు గారి కింది పెదవి

ఆ ఉదయం హెడ్మాస్టరు తోకునాగా గారి పథకం చాలా చిన్నది. రాత్రంతా కంటిమీద కునుకు లేకుండా చేసిన దవడ పన్నును గుట్టుగా పీకించుకుని, మధ్యాహ్న భోజనం వేళకు బడిలో ఉండాలి, అంతే. "విద్యాశాఖ ఆఫీసుకు వెళ్తున్నా" అని చెప్పి బయటపడ్డారు. నిజం చెప్పినా సరిపోయేది. కానీ ఆ రోజే బడి వంటగదికి ఆరోగ్యశాఖ తనిఖీ. అలాంటి రోజున హెడ్మాస్టరు పంటికోసం బడి వదిలి వెళ్ళాడంటే నలుగురూ నవ్వరూ?

తనిఖీలో ఒక్క మచ్చ పడినా వంటగది మూసేస్తామని పురపాలక సంఘం ఎప్పుడో చెప్పింది. అదే జరిగితే పిల్లల అన్నం ఊరవతలి పెద్ద వంటశాల నుంచి లారీలో వస్తుంది, వంటవాళ్ళు ఇళ్ళకు పోతారు. అందుకే పెద్ద వంటమనిషి కాజివారా తెల్లారకముందే వచ్చి గిన్నెల అడుగులు కూడా అద్దంలా తోమింది.

బడిలో పిల్లలకంటే అరగంట ముందు హెడ్మాస్టరు తినాలి. ఆయన బాగుందంటేనే వడ్డన. కాజివారా పళ్ళెం తెచ్చింది: అన్నం, సోయా ముద్ద కలిపిన మిసో పులుసు, వేయించిన తెల్లచేప. తనిఖీ అధికారిణి హోన్మా పక్కనే నిలబడి చూస్తోంది. పన్ను పీకడానికి ఇచ్చిన మత్తుసూది ప్రభావంతో తోకునాగా గారికి సగం మొహం ఉందో లేదో తెలియడం లేదు. అయినా గంభీరంగా పులుసు ఒక గుక్క తాగి, చేపముక్క నోట్లో పెట్టుకుని నమిలారు. నమిలింది చేపను కాదు, కింది పెదవిని.

"అయ్యో, రక్తం! పెదవి కొరుక్కున్నారు సార్! నొప్పి లేదూ?" అంది కాజివారా.

"ఏ నొప్పీ లేదే," అన్నారాయన. ఆ మాటలు ముద్ద ముద్దగా, పులుసుతో కలిసి గడ్డం మీదుగా బయటికొచ్చాయి.

కాజివారా చేతిలో గరిటె జారిపడింది. "పెదవులు చచ్చుబడ్డాయి! నాలుక మడతపడుతోంది! ఓరి దేవుడో, ఫుగు! తెల్లచేపలో ఫుగు కలిసింది!"

ఫుగు చేప విషం ముందు పట్టేది పెదవులనేననీ, ఆ తర్వాత ఊపిరినేననీ ఆ రేవు ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. హోన్మా వెంటనే అరిచింది.

"వడ్డన ఆపండి! ఒక్క ముక్క కూడా పిల్లల దగ్గరికి వెళ్ళకూడదు!"

"వెళ్ళనిస్తానా అమ్మా!" కాజివారా అప్పటికే వడ్డన బండ్లకు అడ్డంగా చేతులు చాచి నిలబడింది.

తోకునాగా గారు చెయ్యెత్తారు. "అది కాదు, నేను..."

"మీరు మాట్లాడకండి సార్! ఊపిరి దాచుకోండి!" అంటూ ఆమె ఆయన్ని నేలమీద పడుకోబెట్టి నుదుటిమీద తడిగుడ్డ వేసింది. ఆయనకూ అదే హాయనిపించింది. ఆస్పత్రికి వెళ్ళాక మెల్లగా సర్దుకోవచ్చులే అనుకున్నారు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే.

హోన్మా ఆరోగ్యశాఖకు ఫోన్ చేసింది. వాళ్ళు పురపాలక ఆఫీసుకు చేశారు. కాసేపటికి ఊళ్ళో స్తంభాలకున్న మైకులన్నీ ఒక్కసారిగా మోగాయి. "ఇసోబె దుకాణంలో తెల్లచేప కొన్నవారు తినవద్దు. బడి హెడ్మాస్టరు గారికి పెదవులు చచ్చుబడ్డాయి." తోకునాగా గారు తడిగుడ్డను కళ్ళమీదికి లాక్కున్నారు.

ఎదురింట్లోంచి వచ్చినట్టు, బడికి చేపలు వేసే ఇసోబె ఊడిపడ్డాడు. ఒంటిమీద రబ్బరు ఏప్రాన్, చంకలో చేపతలల బుట్ట.

"చూడండమ్మా, ఒక్కో తలా చూడండి! ఇందులో ఫుగు ఎక్కడుంది? కొన్నవాళ్ళంతా చేపలు తెచ్చి నా గుమ్మంలో విసిరికొట్టి పోతున్నారు. నేనింక ఎలా బతకను?"

"మనిషి పోతుంటే నీ దుకాణం గోలేంటయ్యా!" కాజివారా అరిచింది. "నీ చేపతో నా వంటగది కూడా మునిగింది!"

"నా చేపనంటావా? అయితే చూడు!" ఏడుస్తూనే పళ్ళెంలోని ముక్క అందుకున్నాడు ఇసోబె. "బతికితే చేప మంచిది. చస్తే తప్పు నాది!"

కాజివారా కెవ్వుమంది. హోన్మా అతని మణికట్టు పట్టుకుని వేలాడింది. తన అబద్ధం కోసం ఒకడు ప్రాణం పందెం కాస్తుంటే తోకునాగా గారికి ఇక పడుకోబుద్ధి కాలేదు. పోతున్న మనిషి కాస్తా దిగ్గున లేచి కూర్చున్నారు.

"పన్ను! పన్ను పీకించుకున్నాను!"

ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన నోరు బార్లా తెరిచి వేలితో చూపించారు. హోన్మా టార్చి వేసి తొంగిచూసింది. దవడ చివర కొత్త గుంత, అందులో దూది.

హోన్మా టార్చి ఆర్పేసింది.

"విద్యాశాఖ ఆఫీసులో పళ్ళు కూడా పీకుతారా సార్?" అని అడిగింది కాజివారా.

హోన్మా పళ్ళ డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కుంది. చేపతలలన్నీ తిరగేసి చూసింది. చివరికి, ప్రమాదమన్న అనుమానం రాగానే ఒక్క పళ్ళెం కూడా కదలకుండా ఆపిన ఇలాంటి వంటగదిని తానెక్కడా చూడలేదనీ, దీన్ని మూయడానికి కారణమే లేదనీ తేల్చేసింది. కాజివారా అక్కడే కూలబడి ఏడ్చేసింది.

ఇసోబె మాత్రం కదల్లేదు. "మైకులో పడ్డ మచ్చ మైకులోనే కడగాలి," అని భీష్మించాడు. మళ్ళీ ఊరంతా మోగింది. "ఇసోబె గారి చేప మంచిదే. హెడ్మాస్టరు గారు బడి వేళలో పన్ను పీకించుకున్నారు." ఆ మైకుల్లో ఒకటి విద్యాశాఖ ఆఫీసు కిటికీ పక్కనే ఉంది.

మర్నాటి నుంచి కాజివారా ముందు హెడ్మాస్టరు గారి నోరు తెరిపించి తనిఖీ చేసి, ఆ తర్వాతే పళ్ళెం చేతికిస్తోంది.