మొదటి వద్దు

"కారే కుళాయికి మనిషిని పిలవడమెందుకు? టీ చల్లారేలోగా నేనే బాగుచేసి పారేస్తాను" అన్నాడు ఆ పొద్దున టపాకాయ్. ముక్కు మీదే కోపం ఉంటుంది కాబట్టి వీధంతా అతన్ని అలాగే పిలుస్తుంది. పక్కగదిలో అతని భార్య తను కుట్టిన నర్సుల యూనిఫాంలు నేల మీద పరిచి మూటలు కడుతోంది. ఆమెకు దొరికిన మొదటి పెద్ద ఆర్డరు అది. మధ్యాహ్నానికి అందకపోతే ఆసుపత్రివాళ్లు మళ్లీ ఆమె మొహం చూడరు.

మర తిప్పగానే కుళాయి ఊడి చేతికొచ్చింది. నీళ్లు పైకప్పు దాకా చిమ్మాయి. మెయిన్ వాల్వు తిప్పబోతే తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది.

చప్పుడు విని ఎదురింటి బస్సు డ్రైవరు పానా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వేరే దేశం మనిషి. మన మాటలు బాగానే నేర్చాడు.

"సాయం చెయ్యనా?"

"అబ్బెబ్బే, వద్దండీ! మీకెందుకు శ్రమ!" అన్నాడు టపాకాయ్, నిలువెల్లా నీళ్లు కారుతూ.

"సరే" అని డ్రైవరు వెళ్లి తలుపేసుకున్నాడు. వాళ్ల దేశంలో వద్దంటే వద్దనే. టపాకాయ్ లెక్క వేరు. మొదటి వద్దు మర్యాదకి, రెండోది మొహమాటానికి, మూడోసారి అడిగితే సరేననాలి.

"చూశావుటే! ఒక్కసారి వద్దంటే పోవడమేనా? మనిషేనా వీడు?" అని మండిపడుతూ గొట్టంలో గుడ్డ కుక్కాడు. అది ఎగిరొచ్చి అతని మొహాన్నే కొట్టింది. ఆ కోపం కూడా కలుపుకుని ఎదురింటి తలుపు బాదాడు.

"ఇంకోసారి అడిగితే నీ నోరు అరిగిపోతుందా?"

"మీరే కదా వద్దన్నారు?"

"అంటే మాత్రం?"

"మాట మీద నిలబడని మనిషి మీరు!" అని డ్రైవరూ ఒంటికాలి మీద లేచాడు. ఇద్దరూ అరుచుకుంటుంటే నీళ్లు గడప దాటి యూనిఫాంల గదిలోకి వచ్చేశాయి.

భార్య తడిసిన మూటతో బయటికొచ్చింది. "నోళ్లు ముయ్యండి ఇద్దరూ! నా కష్టమంతా నీళ్లపాలవుతోంది! అన్నయ్యగారూ, సాయం కావాలి, రండి!"

పానాతో వాల్వు రెండు తిప్పులు తిప్పితే నీళ్లు ఆగాయి. డ్రైవరు తన ఇస్త్రీపెట్టె కూడా తెచ్చాడు. ముగ్గురూ కూర్చుని ఆరబెట్టిన యూనిఫాంలు వేళకే ఆసుపత్రికి చేరాయి.

టపాకాయ్ మనసు కరిగి రెండు కప్పుల్లో టీ పోశాడు. "తాగుతారా?"

ఇక్కడి మర్యాద తెలిసొచ్చిన డ్రైవరు సిగ్గుపడుతూ, "అబ్బెబ్బే, వద్దండీ! మీకెందుకు శ్రమ!" అన్నాడు.

"సరే" అని టపాకాయ్ రెండు కప్పులూ తనే తాగేశాడు.

టపాకాయ్ ఇంకోసారి అడుగుతాడేమోనని డ్రైవరు గుమ్మంలోనే నిలబడి చూశాడు. తర్వాత తలుపు దభాలున వేసి వెళ్లిపోయాడు.

ఒకరి పద్ధతి ఒకరు నేర్చుకున్న ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.